రెండో గంట

ఓటింగుకి పది నిమిషాలుందనగా మెట్ల మలుపులో ముసలాయన కనిపించాడు. విప్ గబుక్కున గడియారం చూసుకున్నాడు.

రాడని కదా అనుకున్నాడు! "పెద్దాయన ఇవాళ రాడులే" అని అవతలి పార్టీవాళ్లు గుసగుసలాడుకుంటుంటే పొద్దున్న చెవులారా విన్నాడు. అప్పట్నుంచీ కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాడు.

సభలో ఇటు యాభై మంది, అటు యాభై మంది. తమ యాభై మందినీ ఓటు వేళకి లోపల కూర్చోబెట్టడం విప్ పని.

బొగ్గు మండించడం తగ్గించి, సముద్రం ముంచుకొస్తున్న తీరపు వాడలకు కరకట్ట వేయించే బిల్లు అది. రెండేళ్లలో నాలుగుసార్లు సభకొచ్చింది. నాలుగుసార్లూ యాభైకి యాభై. సభాపతికి ఓటు లేదు. ఓట్లు సమానమైతే బిల్లు వీగిపోయినట్టే. ఇటువాళ్లు తెచ్చారు కాబట్టి అటువాళ్లు వద్దంటారు. అటువాళ్లు వద్దన్నారు కాబట్టి ఇటువాళ్లు ఒక్క మాట కూడా మార్చం అంటారు. దాన్ని మొత్తం చదివినవాళ్లు రెండువైపులా కలిపినా పదిమంది ఉండరు. ఆ మాటకొస్తే విప్ కూడా ఆఖరి పేజీల దాకా వెళ్లలేదు.

అతనికి చదవాల్సిన అవసరం లేదు. అక్క ఉండేది ఆ వాడల్లోనే. రోజూ పొద్దున్నే ఫోన్ చేస్తుంది.

"ఏరా, అయిందా మీ బిల్లు?"

"ఇవాళ అయిపోతుందక్కా."

"వంటింట్లోకి మళ్లీ ఉప్పునీళ్లొచ్చాయిరా. స్టవ్వు బల్ల మీదికెక్కించాను. ఇల్లు వదిలేద్దామంటున్నాడు మీ బావ. వదిలేసి ఎక్కడికి పోతాం?"

రెండేళ్లుగా ఇదే మాట వింటున్నాడు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత విసుగు. ఇప్పుడు అదీ లేదు, వట్టి నీరసం.

ఇవాళ అటు ఒకరు తగ్గితే యాభైకి నలభై తొమ్మిది. అక్క ఇల్లు నిలుస్తుంది.

ఆ ఒక్కరూ ఇదిగో, కర్ర ఊతంగా, చెమటకి తడిసిన చొక్కాతో, మెట్టుమెట్టుకీ ఆగుతూ పైకొస్తున్నాడు.

పన్నెండేళ్లుగా ఎదుటి వరసలో చివరి కుర్చీ ఆయనది. సభలో నోరు విప్పగా ఎవరూ చూడలేదు. ఇటువాళ్లు ఆయన్ని 'స్తంభం' అంటారు. ఆ పేరు పెట్టింది విప్పే. పెట్టాడే గానీ, ఆయనతో ఎన్నడూ ఒక్క మాట మాట్లాడింది లేదు.

మొదటి గంట మోగి అయిదు నిమిషాలైంది. రెండో గంట మోగగానే తలుపులు మూసేస్తారు. ఆ తర్వాత ఎంతటివాడైనా బయటే.

విప్ గబగబా ఎదురెళ్లాడు.

"అయ్యో పెద్దాయనా! ఈ ఎండలో నడిచొచ్చారా?"

"అవును బాబూ. లోపలికి..."

"వెళ్దురుగానీ. ముందిలా కూర్చోండి. మొహం ఎలా వాడిపోయిందో చూడండి!"

చెయ్యి పట్టుకుని వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. బంట్రోతుని కేకేసి మంచినీళ్లు తెప్పించాడు.

ముసలాయన గ్లాసుని రెండు చేతులతో అందుకున్నాడు.

"ఇన్నేళ్లలో మీ వైపువాళ్లు నన్ను కూర్చోమనడం ఇదే మొదటిసారి బాబూ."

విప్‌కి ఎక్కడో చురుక్కుమంది. అక్క వంటిల్లు గుర్తు తెచ్చుకుని మనసు గట్టి చేసుకున్నాడు.

"మీకో మాట చెప్పాలి బాబూ. ఆ బిల్లు ఉంది చూశారూ..."

"బిల్లుల గొడవ ఎప్పుడూ ఉండేదేనండీ. మోకాళ్లెలా ఉన్నాయి? మా అక్కకీ ఇదే బాధ."

"అది కాదు బాబూ, నేను..."

"నూనె రాస్తున్నారా? గోరువెచ్చగా చేసి రాయాలి. చల్లది రాస్తే ఏం లాభం లేదు."

ముసలాయన నవ్వి ఓ గుక్క నీళ్లు తాగాడు. మర్యాదస్తుడు. ఎదుటి మనిషి మాటకి అడ్డం వెళ్లడం చేతకాదు. అందుకే కాబోలు, సభలో ఆయన వంతు ఎప్పుడూ రాలేదు.

గంట మోగింది.

ముసలాయన కంగారుగా కర్ర అందుకున్నాడు.

"ఇది మొదటిదా బాబూ, రెండోదా?"

"మొదటిదేనండీ."

ఇరవయ్యేళ్ల రాజకీయంలో చాలా అబద్ధాలాడాడు. ఏదీ ఇంత సులువుగా నోట్లోంచి రాలేదు.

"ఇంకా బోలెడు టైముంది. నిదానంగా తాగండి. నేనిప్పుడే వస్తాను."

"సరే బాబూ. మీరు చెప్పారుగా."

విప్ లోపలికి వెళ్లాడు. వెనకాలే తలుపులు మూసుకున్నాయి.

సభ్యులు బటన్లు నొక్కారు. గోడ మీద అంకెలు వెలిగాయి.

అనుకూలం నలభై తొమ్మిది. వ్యతిరేకం నలభై తొమ్మిది.

విప్ కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. తర్వాత తన వరసలోకి చూశాడు. మూడో కుర్చీలో మనిషి, బొగ్గు గోదాముల వాళ్లింటి అల్లుడు, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని పైకప్పు కేసి చూస్తున్నాడు. ఏ బటనూ నొక్కలేదు. పొద్దున్నించీ అవతలివాళ్ల మీదే కళ్లన్నీ పెట్టిన విప్, ఇతని మొహంలోకి ఒక్కసారైనా చూడలేదు.

"సమానం. బిల్లు వీగిపోయింది" అన్నాడు సభాపతి, ఆవలింత ఆపుకుంటూ.

రేపు పొద్దున్నే అక్క మళ్లీ ఫోన్ చేస్తుంది. విప్ కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చాడు. బెంచీ మీద ఎవరూ లేరు.

"పెద్దాయన ఏడయ్యా?" అని బంట్రోతుని అడిగాడు.

"తలుపు తట్టారండీ. తీయకూడదని చెప్పాను. మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయారు."

అంతలో అవతలి పార్టీ విప్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. లోపల ఇద్దరూ కలబడినంత పని చేస్తారు, బయట మాత్రం బావగారూ అని పిలుచుకుంటారు.

"బావగారూ, మీరు చేసిన మేలు ఈ జన్మలో మర్చిపోను."

"ఎగతాళికి ఇదా వేళ?"

"ఎగతాళి కాదండీ బాబూ! మీ బిల్లుకే ఓటేస్తానని, పొద్దున్నే పార్టీకి రాజీనామా నా మొహాన కొట్టి బయల్దేరాడు పెద్దాయన. ఇక మా వైపు రాడులే అని ఆశ వదిలేసుకున్నాం. కాళ్లు పట్టుకున్నా మాకు ఆగని మనిషిని, గుమ్మం దాకా వచ్చాక మీరెలా ఆపగలిగారండీ?"