ఎర్రమూత, తెల్లమూత

“రెండు దిక్కులా ఒక్క తీరుగనే తగ్గింది. ఇగ నీ కానుగల ఏమున్నట్టు?” అన్నారు కిషన్ రావు సారు, కళ్లజోడు తీసి బల్ల మీద పెడుతూ.

హనుమకొండ కాలేజీలో సరస్వతి ఆయన దగ్గరే రీసెర్చి చేస్తోంది. గజ్జి చర్మంలో దూరే పురుగు వల్ల వస్తుంది. దాన్ని చంపడానికి కానుగ గింజల సారంతో మలాం తయారుచేసింది. రఘునాథపల్లి దగ్గర ఒక వాడలో కుడివైపు ఇళ్లకు ఎర్రమూత డబ్బాలు, ఎడమవైపు ఇళ్లకు తెల్లమూతవి ఇచ్చింది. ఎర్రమూతలో మందుంది, తెల్లమూతలో ఉత్త నూనె, మైనం. రంగూ వాసనా ఒక్కటే. ఏది ఏదో వాడవాళ్లకు తెలియదు.

“పిల్లలకు పుండ్లు మానినయి గద సార్?”

“ఉత్త నూనె రాసినోళ్లకు గూడ మానినయి. రోజూ తానం చేసి నూనె రుద్దితే మానవా? ఈ పని బంద్ చెయ్యమ్మా.”

సరస్వతికి ఏడుపు ఆగలేదు. లెక్కలు కొంచెం అటూ ఇటూ చేస్తే ఎవరికి తెలుస్తుందని తోటివాళ్లు చెవిలో ఊదారు. ఆ పాడుబుద్ధి ఆమెకు లేదు, అదే ఆమె కర్మ. మిగిలిన సారమంతా మోరీలో పారబోసి, వాడవాళ్లకు ఒక మాట చెప్పిపోదామని బస్సెక్కింది.

వాడలో అందరికంటే ముందు సోమక్క ఎదురొచ్చింది. పుండ్లు మానాక ఆమె మనవరాలిని మొన్ననే బడిలో మళ్లీ కూర్చోనిచ్చారు.

“మందు తెచ్చినవా బిడ్డా? కేసముద్రంల మా చెల్లె పిల్లలు గోక్కోని గోక్కోని సస్తాన్రు.”

“ఇగ మందు రాదు అవ్వా. అండ్ల ఏం లేదని తేలింది.”

“లేకుంటే మా పిల్లలకెట్ల తగ్గింది?”

“అందరికీ తగ్గింది. గదే నా ఖర్మ.”

సోమక్క ముఖం చిన్నబోయింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

“కోపం చెయ్యకు బిడ్డా, మాతోని ఒక తప్పయింది. ఎవరి డబ్బా వాళ్లే వాడాలె అన్నవు. ఎర్రమూతోళ్లు, తెల్లమూతోళ్లని మొదటిరోజే కొట్లాట షురూ అయింది. వాడ రెండయితదని పెద్దమనుషులు భయపడ్డరు.”

“అయితే ఏం చేసిన్రు?”

“డబ్బాలన్నీ ఒక్క కుండల కలిపి పంచుకున్నం.”