దగ్గరివాడు

"పెద్ద రాష్ట్రాన్ని ముక్కలు చెయ్యాల్సిందేనక్కా! దగ్గరుంటేనే పాలకుడికి జనం బాధ తెలిసేది."

తెనాలిలో సోషల్ మాస్టారు ఆశీర్వాదం. కాలు విరిగిన అక్కను చూడ్డానికి రేపల్లె వచ్చి, కూర్చోగానే ఉపన్యాసం అందుకున్నాడు. రాజమ్మ ఓపిగ్గా తలూపుతోంది.

ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడుగానీ అతను ఆమె కాలు చూడలేదు.

"కట్టు ఏదక్కా?"

"విప్పేసి నెలైందిరా. చిన్న తమ్ముడు ఢిల్లీ నుంచి రెండుసార్లొచ్చి చూసెళ్లాడు. నువ్వు తెనాలిలోనేగా, ఎప్పుడైనా రావచ్చులే అనుకుని ఉంటావు."

ఆమె నవ్వుతూనే అంది. ఆశీర్వాదానికి చెవులు వేడెక్కాయి.

అంతలో బాపట్ల నుంచి సభ నిర్వాహకుడి ఫోను. "మాస్టారూ, సాయంత్రం చిన్న రాష్ట్రాల చర్చలో మొదటి వక్త మీరేనండి!"

"నేను రాలేనండి. అక్క దగ్గరున్నాను."

"ఏంటండీ, చిన్న రాష్ట్రాలు వద్దంటారా?"

"వాదనకేం, లక్షణంగా ఉందండి. వక్తకే అర్హత లేదు."