సమాధి మీద పేరు

చర్చి నేలలో పరిచిన ఆ రాతిపలక మీద చెక్కి ఉన్నది తన పేరే. ఆంబ్రోస్ పెల్లింగ్ వంగి మళ్ళీ చదివాడు. బ్రిస్టల్ వర్తకుడు, దూరదేశాలు తిరిగి ఇల్లు చేరి ఇక్కడ విశ్రమించాడు అని ఉంది.

ఖాళీ సమాధి కాబోలనుకున్నాడు. సముద్రం మింగినవాళ్ళకి రాయి వేయించడం రేవుపట్నంలో మామూలే. చీపురు పట్టుకుని అటుగా వచ్చిన సమాధులు తవ్వే ముసలాణ్ణి ఆ మాటే అడిగాడు.

"ఖాళీ ఏంటి దొరా? నా చేతుల్తో దించాను," అన్నాడు ముసలాడు. "తురకదేశం ఎండలకి ఓర్చుకుని వచ్చి, మన బ్రిస్టల్ మంచుకి పోయాడు. పోయిన చలికాలం. మంచి మనిషి."

ఆంబ్రోస్ వెనక్కి తూలాడు. పడబోయి స్తంభం పట్టుకున్నాడు. తర్వాత పొగమంచులో గోడలు తడుముకుంటూ తన వీధికి వెళ్ళి, తన తలుపు తానే తట్టాడు.

తలుపు తీసిన తామ్సిన్ కేక వెయ్యలేదు. భర్త మొహం చూసి, లోపలికి లాగి గడియ పెట్టింది. "మీరు చచ్చిపోయారన్నాడు," అంది గోడకి ఆనుకుని.

"ఎవడు?"

ఆమె కూర్చుని చెప్పింది. ఆంబ్రోస్ పోయాడన్న పుకారు పట్టుకుని, అతని పినతండ్రి కొడుకు గైల్స్ ఎక్సెటర్ నుంచి దిగాడట. ఇల్లు తనదేనని గిన్నెలూ పరుపులూ వీధిలో పడేయిస్తున్నాడట. అప్పుడు గడ్డం మాసిన మనిషొకడు జనాన్ని తోసుకుంటూ వచ్చి, "తామ్సిన్, వచ్చాను," అన్నాడట. ఇంట్లో ఏ మెట్టు కిర్రుమంటుందో, పెళ్ళినాడు ఆమె ఏ రంగు గౌను తొడుక్కుందో, అంతా చెప్పాడట. ఎండకి మాడిన ఆ మొహాన్ని ఎవరూ పోల్చుకోలేక, వీధంతా ఆమె వైపు చూసిందట. పెళ్ళామే అవునన్నాక కాదనడానికి ఊరెవరు?

"నేను కాదని నీకు తెలియలేదా?"

"గడప తొక్కకముందే తెలిసింది. కానీ తాళాలు గైల్స్ చేతిలో ఉన్నాయి. నా చేతిలో ఏముంది?" అంది. "ఆ రాత్రే నిజం చెప్పేశాడు. హ్యూ టాకర్ అట. మీ గుమాస్తా."

ఆంబ్రోస్ కుర్చీలో కూలబడ్డాడు.

తురకదేశంలో అలెప్పో దాటాక ఎడారిలో ఒక ఎండిపోయిన బావి. హ్యూ జ్వరంతో దాని గట్టుకి ఆనుకుని పడున్నాడు. అంతకు ముందు దారి పొడుగునా, పొద్దుపోక, తన ఇంటి కబుర్లన్నీ అతనికే చెప్పుకున్నాడు ఆంబ్రోస్. మిగిలింది ఒక ఒంటె, ఒకరికి సరిపడా నీళ్ళు. తెల్లవారేసరికి రెండూ తీసుకుని ఆంబ్రోస్ వెళ్ళిపోయాడు. వెనక నుంచి "అయ్యగారూ" అని పిలుపు వినిపించింది. ఆనాటి నుంచి ఏ ఊళ్ళో ఎవరు వెనక నుంచి పిలిచినా అతను తల తిప్పలేదు. తన చావు కబురు ఊరు చేరిందని తెలిసీ ఇన్నేళ్ళు ఇంటిమొహం చూడనిది అందుకే.

"నా గురించి ఏమన్నాడు?" అడిగాడు ఆంబ్రోస్.

"మీరు ఆ బావి దగ్గరే పోయారన్నాడు. ఉన్న నీళ్ళు ఆఖరి గుక్కతో సహా తన నోట్లో పోసి, నా భార్యని చూసుకో అని పంపారన్నాడు. ఆ దారిన పోయే వర్తకులు తనని చేరదీశారట. చెప్పినప్పుడల్లా కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు." తామ్సిన్ అతని కళ్ళలోకి చూసింది. "నిజమేనా?"

ఆంబ్రోస్ తల దించుకున్నాడు. ఆమె రెండోసారి అడగలేదు.

తెర చాటు నుంచి చిన్నపిల్ల నడిచొచ్చి తల్లి గౌను పట్టుకుని నిలబడింది. తలెత్తి అతన్ని చూసింది. బావి గట్టు మీద నుంచి, వెళ్ళిపోతున్న ఒంటెని చూసిన కళ్ళే అవి.

"అతని బిడ్డ. ఊరికి మీ బిడ్డ," అంది తామ్సిన్. "మీరు నోరు విప్పితే నన్ను తప్పు చేసిందని చర్చి ముందు తెల్లదుప్పటి కప్పి నిలబెడతారు. దీన్ని బతికినన్నాళ్ళూ రంకుబిడ్డ అంటారు. మీ ఇల్లు, మీ ఇష్టం."

అప్పుడే తలుపు దబదబలాడింది. ఆమె గడియ తీసేసరికి గైల్స్ లోపలికి దూసుకొచ్చాడు. పక్కవీధిలోనే కాపురం పెట్టి, ఈ ఇంటి మీద కన్నేసి ఉంచిన మనిషి.

"ఎవడో అన్న సమాధి చూసి పడబోయాడటగా వదినా? ఇటే వచ్చాడన్నారు." గైల్స్ కళ్ళు ఆంబ్రోస్ మొహాన్ని గాలించాయి. ఆ పెదవుల మీద చిన్న నవ్వు మొలిచింది. "చచ్చినవాణ్ణి చూసి అంత జడుసుకోవడానికి నువ్వెవరివోయ్?"

తామ్సిన్ బతిమాలలేదు. పిల్లనెత్తుకుని, దాని తల భుజానికి అదుముకుంది.

ఒక్క మాట చాలు. ఇల్లు తనది, పొయ్యిలో నిప్పు తనది, ఆ రాతి మీది పేరూ తనదే. ఆంబ్రోస్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"హ్యూ టాకర్‌ని బాబూ, ఈ ఇంటాయన గుమాస్తాని," అన్నాడు. "నేను ఎడారిలో జ్వరంతో పడిపోతే, ఉన్న ఒక్క ఒంటె మీద నన్నెక్కించి తాను నడిచొచ్చిన మహానుభావుడు ఆయన. ఆ సమాధికి ఒక్కసారి మొక్కి పోదామని వచ్చాను."