నూకరత్నం కిటికీ

ఆ కాలానికి ఊళ్లో తాపీమేస్త్రీలు లేరు. ఇంటింటా ఇళ్ల బొమ్మలు వరసగా కదిలిపోయే గోడ ఒకటుండేది. ఎవరు ఆ బొమ్మల గోడ మీద ఏ బొమ్మలు దాచుకుంటే, ఇళ్లు పోసే యంత్రం వచ్చి అచ్చం అలాంటి ఇల్లే పోసి వెళ్లేది. గంగరాజు తన గోడను సింహాలతో, స్తంభాలతో నింపేశాడు. వంటగదిని మాత్రం వెనక మూల చీకట్లోకి నెట్టేశాడు.

"కాపరానికొచ్చిన కాణ్ణించీ గోడ మొహం చూసుకుంటానే వండుతున్నానండీ. వీధేపు ఒక్క కిటికీ పెట్టించండి," అంది నూకరత్నం.

"వీధిలో నీకేం పనే? సింహాలుంటే ఊరంతా మనింటేపే చూత్తది!" అని గంగరాజు పొలానికి పోయాడు. తెల్లారితే యంత్రం వచ్చేస్తుంది.

శుక్రవారం కదా అని నూకరత్నం గడపకు బొట్టు పెట్టి, అదే చేత్తో గోడకూ పెట్టింది. కదిలిపోతున్న కిటికీ బొమ్మ వేలి కింద టక్కున నిలిచిపోయింది.

"ఓసినీ, ఇంతేనా!"

గోడ ఇంకో కిటికీ చూపించింది, దాని వెనక మరోటి. పొయ్యి మీద పప్పు మాడినా ఆమె కదల్లేదు. నచ్చినవాటికల్లా బొట్టు పెట్టి, వంటగదిని వేలితో వీధివైపు లాగింది.

సాయంత్రం గోడ చూసి గంగరాజు లబలబలాడుతూ చెరపబోయాడు.

"శుక్రవారం పూట బొట్టు చెరిపేత్తారేటండీ?" అంది నూకరత్నం.

చెయ్యి వెనక్కి వచ్చేసింది.

"మరి నా సింహాలో?"

"ఉంటాయండీ, ఎక్కడికి పోతాయి!"

ఇల్లు లేచింది. నూకరత్నం కిటికీలోంచే వంకాయలు బేరమాడుతోంది. పెరట్లో రెండు సింహాలు నోళ్లు తెరుచుకుని గేదెలను చూస్తున్నాయి. గేదెలు మాత్రం నెమరు ఆపలేదు.