తనిఖీ పత్రం

లిఫ్టుల ఇన్‌స్పెక్టరు తన లిఫ్టు తనిఖీ కాగితం ఒకటి తీసి డాక్టరమ్మ బల్ల మీద పరిచాడు. పైన ‘సురక్షితం’ అని అచ్చు, కింద సంతకానికి ఖాళీ.

“మైగ్రేను రాకుండా తొమ్మిదేళ్లుగా రోజూ మాత్ర మింగుతున్నానండీ. లిఫ్టుకే ఏడాదికోసారి తనిఖీ ఉంటుంది. మరి నాకో?”

“నొప్పి వస్తోందా?”

“దాని జాడే లేదండీ. నా భయమల్లా ఆ మాత్రతోనే. లోపల ఏ తాడు అరిగిపోతోందో ఏమో!”

“ఏళ్ల తరబడి వాడేవాళ్లు బోలెడుమంది. మీకేం కాదు.”

ఆవిడ బీపీ చూడలేదు, రక్తపరీక్ష ఊసెత్తలేదు. ఫోన్లోంచి తల ఎత్తకుండానే సంతకం గీకేసింది. ‘మోయగల బరువు’ అన్న గడిలో ‘నలుగురు’ అని కూడా రాసేసింది.

ఆయన ఆ కాగితానికి దారం కట్టి మెళ్లో వేసుకున్నాడు. గది బయటికొచ్చి, లిఫ్టు వైపు ఒకసారి చూసి, మెట్లవైపు తిరిగాడు.

“ఐదంతస్తులండీ! లిఫ్టుండగా మెట్లెందుకు?” గుమ్మంలోంచి కేకేసింది డాక్టరమ్మ.

ఆయన మెళ్లో కాగితం పైకెత్తి చూపించాడు.

“ఆ లిఫ్టు కాగితం మీద సంతకం నాదేనమ్మా. నేనూ ఇలాగే పెట్టాను.”