జారుముడోడి పెళ్లాం

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి. మధ్యలో లేవకుండా వినండి.

పడవల యార్డు యజమాని చిన్న తెరచాప పడవ ఒకటి ముచ్చటపడి చేయించుకున్నాడు. దాన్ని క్రేనుతో ఎత్తి నీళ్లలో దింపాలి. నాలుగు తాళ్లు పడవకు నాలుగు చోట్ల తగిలించి, పైన ఒకే ఇనుప రింగుకు ముడివేస్తే, ఆ రింగును క్రేను కొక్కెం పట్టుకుంటుంది. ఆ తాళ్ల పని యార్డులో పనిచేసే ఒకామెది.

అంతకుముందు ఆమె మొగుడిది. ఆరేళ్ల క్రితం ఇదే కొలత పడవ పైనుంచి ఊడి అతని మీద పడింది. "వాడి ముడే జారింది, నేనేం చెయ్యను?" అనేశాడు యజమాని. మనిషీ పోయాడు, మంచిపేరూ పోయింది. అప్పట్నుంచి యార్డులో ఆమె పేరు జారుముడోడి పెళ్లాం.

ఆరేళ్లూ పళ్ల బిగువున ఓర్చుకుంది. ఈ రోజు కోసమే.

ఎందుకంటే ఆ యార్డులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పడవ మొదటిసారి గాల్లోకి లేచినప్పుడు, దాని సొంతదారు కిందికి వెళ్లి అడుగును చేత్తో తాకాలి.

ఆమె గోనెసంచిలోంచి తాళ్లు తీసి చకచకా తగిలించింది.

"టేపైనా పెట్టలేదేంటక్కా?" అన్నాడు క్రేను డ్రైవరు.

"ఈ కొలతలు నాకు కంఠతా వచ్చు తమ్ముడూ."

"తాళ్లు కాస్త పాతవిలా ఉన్నాయే!"

"నీ కొక్కెం సంగతి నువ్వు చూసుకో."

అతను గొంతు తగ్గించాడు. "దానికేం, కొత్తదే. బావ పోయిన మర్నాడే మార్పించారుగా."

"తెలుసు."

పడవ లేచింది. తాళ్లు కిర్రుమన్నాయి. యజమాని రెండడుగులు వేసి ఆగాడు. ఆమె ముఖంలోకి చూశాడు.

"ఏమ్మా, మీ ఆయన కట్టినట్టు కట్టలేదు కదా?"

"అచ్చం అలాగే బాబుగారూ. వెళ్లండి, అందరూ మిమ్మల్నే చూస్తున్నారు."

వెనక్కి తగ్గితే నవ్వులపాలు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లాడు, అడుగు తాకాడు. పడవ వెంట్రుకవాసి కూడా జారలేదు.

పోయిన ప్రాణం లేచొచ్చిన సంబరంలో యార్డంతా వినిపించేలా అరిచాడు. "ముడంటే ఇదిరా! చచ్చినా జారదు!"

ఇక్కడ ఆమె అన్న మాట మాత్రం గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పండి: "కట్టింది నేను కాదు బాబుగారూ, ఆ రోజు పడవ ఆయన మీద పడ్డాక మీరు చెత్తలో పారేయించిన తాళ్లే ఇవి, ఒక్క ముడి కూడా విప్పలేదు."