పద్నాలుగు వందల సీసీ

“పదమూడు వందల సీసీకే ఉంచుదాం సార్. సూపర్‌చార్జర్ గాలిని లోపటికి నూకుతది. గీ చిన్న ఇంజనే మస్తు ఉరుకుతది” అన్నాడు మెకానిక్ శేఖర్.

“చిన్నదే అట్లా ఉరికితే, పెద్దది ఇంకెట్లా ఉరకాల?” అని నవ్వాడు హేమంత్.

హేమంత్‌ది అనంతపురం. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల ఆదివారాలన్నీ గోపన్‌పల్లి షెడ్డులో, తను కొత్తగా తయారు చేయిస్తున్న పాత కారు కిందే గడిపాడు.

“సిలిండర్లను లోపల చెక్కి పెద్దగ చేసినకొద్ది ఇంజన్‌కు బలం తగ్గుతది సార్.”

“బోరింగ్ చేయించుకురాప్పా. నాకు పద్నాలుగు వందలు కావాల.”

శేఖర్ ఇంజన్‌ను బాలానగర్ తీసుకెళ్లి బోరింగ్ చేయించుకొచ్చాడు. వారంలో కారు సిద్ధమైంది.

“నేనొచ్చినంకనే బయటికి తీద్దాం సార్” అని మాత్రం చెప్పి వెళ్లాడు.

అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు తిరగడం లేదు. ఆ రోజు బంద్ కూడా. ఆఫీసుకు సెలవిచ్చారు. రోడ్లన్నీ ఖాళీ. ఇంత మంచి రోజు మళ్లీ దొరకదనిపించింది హేమంత్‌కు. ఒక్కడే షెడ్డు తెరిచాడు.

వంద గజాలైనా పోకముందే ఒక ముసలాయన రెండు చేతులూ చాచి కారుకు అడ్డం వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

“ఆపు సార్! బండి తియ్యకు ఇయ్యాల.”

“మీ బంద్ మీది, నా బండి నాది. పక్కకు జరుగు పెద్దాయనా.”

“గది కాదు సార్, జర నా మాట...”

“మీ మాటలు వింటానే ఉండాం రెండేళ్లుగా. ఇంకేం వినాల?”

హేమంత్ గేరు వేయకుండానే యాక్సిలరేటర్ తొక్కాడు. ఆ హోరులో ముసలాయన గొంతు మునిగిపోయింది. ఆయన దగ్గుతూ వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇంజన్ ఆపేశాడు. తాళంచెవి లాగేసుకున్నాడు.

హేమంత్‌కు ఒళ్లు మండిపోయింది. దిగాడు.

“ఏం, మా బండి తాళాలు గూడా మీవేనా?”

ముసలాయన నోరు తెరిచేలోపే తోశాడు.

గట్టిగా తోయలేదు. ఆ తర్వాత చాలాకాలం ఆ మాటే తనకు తాను చెప్పుకున్నాడు. కానీ ముసలాయన కాళ్లలో అప్పటికే సత్తువ లేదు. వెనక్కి తూలి పడ్డాడు. రోడ్డు అంచు రాయికి తల తగిలింది.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, దారుల్లో ధర్నాలున్నాయి, గంటైనా పడుతుందన్నారు. హేమంత్ ఆయన్ని ఎత్తి కార్లో పడుకోబెట్టి, ఆయన గుప్పిట్లోంచి తాళంచెవి తీసుకున్నాడు.

కూడలిలో వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మధ్యలో పొయ్యిలు, మరిగే గుండిగలు, వంద మంది జనం.

ఎవరు నువ్వు, ఏ ఊరు అని ఒక్కరూ అడగలేదు. రక్తం చూసిన ఒకావిడ “పానం పోతున్నది, జరుగుండ్రి!” అని కేక వేసింది. నలుగురు మగవాళ్లు కాలే గుండిగను ఎత్తి పక్కన పెట్టారు. ఆవిడ కొంగు తడిపి, ముసలాయన పెదాలు తుడిచింది.

“పో బిడ్డా, జల్ది పో.”

కారు కదిలింది. ముసలాయన కళ్లు సగం తెరిచాడు.

“మెల్లగ సార్... మెల్లగ పోనియ్యి...”

కుదుపులకు నొప్పి పుడుతోందేమో అనుకున్నాడు హేమంత్.

“అయిపాయ పెద్దాయనా, వచ్చేస్తిమి” అంటూ ఇంకా తొక్కాడు.

సూపర్‌చార్జర్ ఈల వేసింది. సూది నూటపది దాటింది. మరుక్షణం ఇంజన్‌లో ఏదో ఫెళ్లున పగిలింది. తెల్లటి ఆవిరి అద్దాన్ని కమ్మేసింది. కారు ఈడ్చుకుంటూ పోయి ఆగింది.

ముందూ వెనకా ఒక్క బండి లేదు.

హేమంత్ ఆయన్ని భుజాన వేసుకుని పరిగెత్తాడు. కొంత దూరం ఆ ఊపిరి మెడకు తగులుతూనే ఉంది. ఆసుపత్రి కనబడే వేళకు తగలడం లేదు.

డాక్టరు నాడి చూసి, తలదాకా గుడ్డ కప్పాడు.

ఫోన్ అందుకుని శేఖర్ సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు.

“ఎవరో బంద్ మనిషి శేఖరూ... అడ్డమొచ్చినాడు... నేనే తోసినా...”

శేఖర్ గుడ్డ తొలగించి చూశాడు. అలాగే నేల మీద కూలబడ్డాడు.

“బంద్‌కు రాలే సార్ ఈయన. బాలనర్సయ్య కాక.”

“నీకు తెలుసా?”

“నిన్న నేను మాటల్ల కాకకు మీ సూపర్‌చార్జర్ సంగతి చెప్పిన. గప్పటిసంది ఒకటే పరేషాన్. సార్ నేను లేంది బండి తియ్యడు, నేనే చెప్త అని నేనన్న. కాక ఇనలే.”

శేఖర్ ఆయన కాళ్లకంటిన దుమ్ము చేత్తో తుడిచాడు.

“మీ ఇంజన్ బోరింగ్ చేసింది ఈయనే సార్. మూడో సిలిండర్ గోడ పల్సగైంది, గంత గాలికి ఆగది, పిలగాని పానం పోతదని చెప్పెతందుకు, బస్సుల్లేకున్నా బాలానగర్ నుంచి నడుసుకుంట వచ్చిండు.”